గంటక్క కోరిన పరుగు గంట

మా చర్చి సంఘ కమిటీ వారు నన్నొక కాగితం రాసివ్వమన్నారు. మా అక్కను సమాధి చేసిన రోజున గోపురం తలుపు ఊడదీసి, కమిటీ వద్దన్న గంట మోగించినందుకు విచారం తెలుపుతూ నాలుగు ముక్కలు రాసిస్తే చాలన్నారు. దాన్ని నిద్రించినవారిని, అంటే పోయినవాళ్ళను, తలచుకునే ఆదివారం నాడు సంఘం ముందు చదివి, ఆ గొడవ అంతటితో ముగిస్తారట. సరే, రాస్తున్నాను. నాలుగు ముక్కల్లో తేలేది కాదు గనుక కాస్త ఓపిక పట్టండి. విచారం ఎప్పుడొస్తుందా అని కూర్చునేవాళ్ళు మాత్రం ఇప్పుడే లేచి వెళ్ళవచ్చు. చర్చి తలుపు బందులు నేను చేసినవే, చప్పుడు చెయ్యవు, ఎవరూ మీ వంక తిరిగి చూడరు.

ముందు రాసేవాడెవరో తెలియాలి. నేను కమ్మరిని. పల్లెటూరి బడిలో చదివాను. ఒకటే గది, ఒకరే పంతులు, వాన కురిస్తే సెలవు. అయినా నా దస్తూరి చూపించి పంతులుగారు మిగతా పిల్లల్ని సిగ్గుపెట్టేవారు. ఈ కాగితం చదువుతున్న పాస్టరుగారికి ఎక్కడా నత్తి రాకపోతే అది నా అక్షరాల గొప్పే. చర్చి ముందు గేటు నాది. సమాధుల తోట చుట్టూ ఉన్న ఇనుప కంచె నాది, ఇప్పటిదాకా ఒక్క చువ్వ వంగలేదు. గంటను పైకెక్కించడానికి పట్నం నుంచి వచ్చిన మనుషులు తాడు తెగగొట్టుకుని, తమ వల్ల కాదని మూట కట్టుకుంటే, కప్పీలు బిగించి ఎక్కించినవాణ్ణి నేను. అది వేలాడే ఇనుప పట్టీలు నా కొలిమిలో కాలినవి. గోపురం తలుపుకున్న బందులూ నావే. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, ముందు ముందు అవసరం పడుతుంది. గొప్పలు చెప్పుకుంటున్నాడంటారేమో. చేశాను గనుక చెప్పుకుంటున్నాను. కానీ ఇవాళ చెప్పవలసింది నా సంగతి కాదు, మా అక్క సంగతి.

మా అక్కను మీరంతా గంటక్క అనేవారు. ఆమె ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే గదిలో పనిచేసింది. పెద్ద పెద్ద తొట్లలో ఉడుకుతున్న దుప్పట్లను కర్రతో పైకి తీసి, ఇద్దరు పట్టి పిండవలసినవాటిని ఒక్కతే పిండేది. అవతలి కొస కొక్కేనికి తగిలించి, ఇవతలి కొస పట్టుకుని మెలితిప్పితే దుప్పటిలో చుక్క నీరు మిగిలేది కాదు. పెళ్ళయిన కొత్తలో మా బావ ఆమెతో చెయ్యి కలిపి, తరువాత ఆ చేతిని రోజంతా నిమురుకుంటూ తిరిగాడు.

గంట ఆమె చేతికి వచ్చింది కూడా ఆ బలం వల్లనే. పాత గంటకాడు ఒక ఆదివారం ఉదయం భుజం పట్టేసి తాడు లాగలేకపోయాడు. ఆరాధన వేళ దాటిపోతోంది. మగవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. అక్క పనిలోంచి తిన్నగా వచ్చినట్టుంది, చేతులింకా తడిగానే ఉన్నాయి. లోపలికి వెళ్ళి మోకు అందుకుని లాగింది. ఆ మోత విని గంటకాడు గోడకానుకుని కూర్చుండిపోయాడట. ఇన్నాళ్ళూ నేను లాగింది ఈ గంటనేనా అన్నాడట. మళ్ళీ ఆ తాడు జోలికి పోలేదు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. గోపురం కింది గదిలోకి రెండు తాళ్ళు దిగుతాయి. సన్న తాడు గంట నాలుకకు కట్టి ఉంటుంది. దాన్ని లాగితే గంట కదలదు, నాలుక ఒక్కసారి తగిలి ఊరుకుంటుంది. మోత పూర్తిగా ఆరిపోయేదాకా ఆగి మళ్ళీ లాగాలి. అది చావు గంట, మనవాళ్ళు ఆగుడు గంట అంటారు. రెండోది లావు తాడు, మోకు. అది గంట వేలాడే దూలానికి కట్టి ఉంటుంది. దాన్ని లాగితే గంట మొత్తం ఊగుతుంది, నాలుక రెండు వైపులా తగులుతుంది, మోత మీద మోత పడుతుంది. అది పరుగు గంట. పెళ్ళికీ, ప్రభువు సమాధిలోంచి లేచిన ఉదయానికీ అదే. ఏ గంట మోగితే ఏ బట్టలు కట్టుకోవాలో ఈ ఊళ్ళో ఉయ్యాలలో పిల్లకు కూడా తెలుసు.

మా బావ గోతులు తవ్వేవాడు. చావు కబురు వస్తే మొగుడు పార తీసుకుని, పెళ్ళాం తాడు పట్టుకుని ఒకే గడప దాటేవాళ్ళు. బావ ప్రతి గొయ్యీ పాదాలు తూర్పుకు వచ్చేలా తవ్వేవాడు. పోయినవాళ్ళంతా లేచే రోజున, ప్రభువు వచ్చే తూర్పుకు ముఖం పెట్టి నిలబడాలి కదా, అప్పుడు అటు తిరగండి ఇటు తిరగండి అని చెప్పడానికి నేనుంటానో లేదో అనేవాడు. తవ్వడం అయ్యాక తనే దిగి పడుకుని చూసేవాడు. కొలత సరిపోయిందా బావా అని పైనుంచి నేను వేళాకోళమాడితే, నాకు సరిపోయిందిరా, పడుకోబోయే ఆయనకు ఇరుకైతే చెప్పమను, వెడల్పు చేస్తాను అనేవాడు. కానీ మట్టి పూడ్చి, చివర పార వెనక్కి తిప్పి తట్టేటప్పుడు మాత్రం వేళాకోళం ఉండేది కాదు. పడుకో, లేపేవాడు మరిచిపోడు, అనేవాడు. అందరికీ అదే మాట, ఉన్నవాడికీ లేనివాడికీ.

ఆ బావ పోయాడు. అక్క సన్న తాడు పట్టుకుని, ఆచారం తప్పకుండా, మోత ఆరిపోయేదాకా ఆగి ఆగి మోగించింది. సమాధి అయ్యాక నా కొలిమి దగ్గరకు వచ్చి, ఇనుము సాగగొట్టే దాగలి మీద కూర్చుంది.

"తమ్ముడూ, ఇవాళ నేను అబద్ధం మోగించాను," అంది.

దుఃఖంలో ఏదో అంటోందనుకున్నాను. మంచినీళ్ళిచ్చాను. తాగి గ్లాసు కింద పెట్టింది.

"మీ బావ బతికినన్నాళ్ళూ గోతిలో నిలబడి, లేస్తారు లేస్తారు అన్నాడు. నేనేమో గోపురంలో నిలబడి, అయిపోయింది అయిపోయింది అని మోగించాను. ఒక ఇంట్లో రెండు మాటలేంట్రా? ఆయన మాట నిజమైతే నా గంట అబద్ధమేగా."

 ఆ రోజు నుంచి ఆమెకు సన్న తాడంటే పడలేదు. పట్టుకునేది, మోగించేది, వచ్చి చేతులు కడుక్కునేది.

తరువాత మా మేనకోడలు. అక్కకు ఒక్కతే కూతురు. చొక్కాల కర్మాగారంలో గుండీ కాజాలు కుట్టేది, ఆదివారాలు పిల్లలకు వాక్యం చెప్పేది. చెబుతూ చెబుతూ దగ్గు వస్తే, పిల్లలూ మీరు పాడుతూ ఉండండి, నేను కలుస్తాను అనేదట. ఊపిరితిత్తులు చెడిపోయాయి. పోయే ముందు కూడా నన్ను చూసి, మామయ్యా, నీ కొలిమి తిత్తి బాగుంది, నా తిత్తే చిరిగింది అని నవ్వింది. నేను నవ్వలేదు.

ఆ పిల్లను సమాధి చేసే రోజున అక్క గోపురంలోకి వెళ్ళి మోకు పట్టుకుంది. పరుగు గంట. మిట్టమధ్యాహ్నం, పనిరోజు. పక్క వీధులకూ కర్మాగారానికీ పిల్ల పోయిన కబురు ఇంకా అందలేదు. ఊరంతా పెళ్ళి అనుకుంది. పూలకొట్టు ఆవిడ గుత్తులు కట్టుకుని బయలుదేరింది. ఎవరి పెళ్ళో తెలియకుండానే ఒకాయన కానుక పొట్లం కట్టించి తెచ్చాడు. ఫోటోగ్రాఫరు, అప్పటికి కుర్రవాడే, ఎవరూ పిలవకుండానే కెమెరా భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చాడు. కర్మాగారం అమ్మాయిలు రంగు రంగుల బట్టలు మార్చుకుని మరీ వచ్చారు. గేటు దాటి చూస్తే ఎదురుగా శవపెట్టె. ఫోటోగ్రాఫరు కెమెరాను వీపు వెనక దాచుకున్నాడు. కానుక తెచ్చినాయన దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక సమాధి అయ్యేదాకా చంకలోనే పెట్టుకుని నిలబడ్డాడు. కొందరికి సిగ్గు, కొందరికి మంట.

అందరికంటే మండింది సంఘ పెద్దకు. కలప డిపో ఆయన, ఇప్పటికీ ఆయనే పెద్ద. చెడ్డవాడు కాదు. అప్పటికి కొద్ది నెలల కిందటే ఆయన భార్య పోయింది. చర్చి వెనక గదిలో కమిటీ కూర్చుంది, అక్కను పిలిచారు, తోడుగా నేనూ వెళ్ళాను. ఆయన అరవలేదు, అరిస్తే బాగుండేది.

"గంటక్కా, నా భార్య పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. రాయిలా నిలబడ్డాను. నీ ఆగుడు గంట మొదలయ్యాకే ఏడవగలిగాను. ఆ రోజు నువ్వు పెళ్ళి గంట మోగించి ఉంటే నేనేమైపోయేవాణ్ణి? మనుషుల్ని ఏడవను కూడా ఏడవనివ్వవా?"

 నిజానికి ఆ మాట నా గుండెకూ తగిలింది. అక్క తల ఎత్తింది.

"ఏడవండి అన్నయ్యగారూ. నేను ఏడవకుండా లాగాననుకున్నారా? కళ్ళు కనబడక తాడు రెండుసార్లు జారిపోయింది. ప్రభువు మాత్రం స్నేహితుడి సమాధి దగ్గర ఏడవలేదా? ఏడ్చాడు. ఏడ్చి, లోపలున్నవాణ్ణి బయటికి రమ్మని పిలిచాడు, అతను లేచి వచ్చాడు. నేనూ అంతే. లేస్తారని ప్రతి ఆదివారం మీరే నా చేత చెప్పించారు. ఊళ్ళోవాళ్ళ పిల్లలు పోయినప్పుడు నమ్మాను. నా పిల్ల దగ్గరకు వచ్చేసరికి మానెయ్యమంటారా?"

 కమిటీ ఓటు వేసింది. గోపురానికి తాళం వెయ్యాలని, తాళంచెవి సంఘ పెద్ద దగ్గర ఉండాలని, గంట ఇకమీదట డిపో కాపలాదారు మోగించాలని తీర్మానమయింది.

తాళం చెయ్యమని మొదట నన్నే అడిగారు. నా తాళం వేస్తే మీరూ తియ్యలేరు, ఆలోచించుకోండి అన్నాను. కొట్లో కొని తెచ్చి వేశారు. ఆ తాళాన్ని చూస్తేనే నాకు జాలేసింది. తలపిన్ను చాలు అక్కా, నువ్వు ఊ అను అన్నాను.

"వద్దు. దొంగచాటుగా మోగిస్తే అది దొంగ గంట. నా పిల్ల లేస్తుందని నేను దొంగచాటుగా చెప్పుకోవాలా?"

ఇక అప్పటినుంచి ఆమె చేసిందల్లా అడగడమే. ఏటా నిద్రించినవారిని తలచుకునే ఆదివారం, ఆరాధన కాగానే పెద్ద ముందుకు వెళ్ళి తాళంచెవి కోసం చెయ్యి చాపేది. ఆయన జేబు తడుముకుని, వచ్చే ఏడు చూద్దాం అనేవారు. అలాగేనండి అని చెయ్యి వెనక్కి తీసుకునేది. మీరంతా చూశారు. ముందు నవ్వుకున్నారు, తరువాత తరువాత తల తిప్పుకున్నారు.

ఎవరు పోయినా మాత్రం సమాధికి రాకుండా ఉండేది కాదు. నల్లబట్టల మధ్య ఎర్ర శాలువా కప్పుకుని నిలబడేది. దాని అంచు మా మేనకోడలు కుట్టింది, అమ్మా పెళ్ళిళ్ళకు కప్పుకో అని ఇచ్చింది. ఇది పెళ్ళికి కదా అని ఎవరైనా అంటే, నేనూ పెళ్ళికే వచ్చాను, మీరే తొందరపడి ముందే ఏడుస్తున్నారు అనేది. కాపలాదారు గంట మోగిస్తుంటే మాత్రం ఆమె మొహం చూడలేకపోయేవాళ్ళం. ఆయన పాపం ఆగుడు గంటను కాకుల్ని తోలినట్టు మోగించేవాడు. మోత ఆరనిచ్చేవాడు కాదు, ఇంటికి పోవాలి కదా.

ఒకసారి కొత్త పాస్టరుగారు, అంటే ఇది చదువుతున్న మీరే, సమాధుల మధ్య ఆమె పెదవులు కదలడం చూసి, అమ్మా, పోయినవాళ్ళతో మాట్లాడకూడదమ్మా అన్నారు. వాళ్ళతో కాదు అయ్యగారూ, వాళ్ళ గురించి ఆయనతో చెబుతున్నాను, ఇంతమందిని పెట్టుకున్నాడు కదా, ఒక్కరినీ మరిచిపోవద్దని గుర్తుచేస్తున్నాను అంది. ఆయన మరిచిపోడమ్మా అన్నారు మీరు. నాకూ తెలుసు, కానీ చెబితే నాకు బాగుంటుంది అంది. మీరు నవ్వారు. నేను పక్కనే ఉన్నాను.

అక్క మంచం పట్టింది. ఆ చేతులు దుప్పటి కొస కూడా పైకి లాక్కోలేని స్థితికి వచ్చాయి. నన్ను దగ్గరకు పిలిచింది.

"ఒరే, నాకు ఆ నసిగే గంట వద్దు. మోకు లాగు. నీ చేత్తోనే లాగు."

"తాళం ఉంది కదక్కా."

"పగలగొట్టకు. అడుగు. నేను అడిగాను, నువ్వూ అడుగు."

"ఇవ్వకపోతే?"

నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది, దగ్గు తగ్గాక మళ్ళీ నవ్వింది.

"కమ్మరివి నువ్వా నేనా? నన్నడుగుతావేంట్రా."

 ఎర్ర శాలువా తనతో పెట్టెలో పెట్టొద్దంది. అది పాడవుతుంది, ఎవరైనా ఆడపిల్లకిమ్మంది. లేచినప్పుడు ఎలాగూ కొత్తవి ఇస్తారట.

ఆమె పోయిన మర్నాడు ఉదయమే డిపోకు వెళ్ళాను. పెద్ద దుంగల మధ్య కుర్చీ వేసుకుని కూర్చున్నారు. చెయ్యి చాపాను. ఆయనకు అర్థమయింది.

"మేస్త్రిగారూ, ఆవిడంటే నాకు గౌరవమే. మీరూ ఎరుగుదురు. కానీ ఒకరికి మారిస్తే అందరికీ మార్చాలి."

"ఆవిడ అడిగింది అదే కదండీ."

ఆయన జేబు మీద చెయ్యి వేసుకున్నారు. తీర్మానం కమిటీది, నాది కాదు అన్నారు. సరే, నేను అడిగాను, మీరు ఇవ్వలేదు, ఆ రెండూ గుర్తుంచుకోండి అని వచ్చేశాను. దారిలో కొలిమి దగ్గర ఆగి చిన్న సుత్తి, శీలలు గుద్దే ఉలి, ఒక గడ్డపార తీసుకున్నాను.

ఇప్పుడు గోపురం తలుపు సంగతి. తాళం ఒక వైపు ఉంటుంది, బందులు ఒక వైపు. అందరి చూపూ తాళం మీదే ఉంటుంది. బందులు చేసినవాణ్ణి గనుక నా చూపు బందుల మీద ఉంటుంది. పైదీ కిందదీ రెండు బందులు, ఒక్కొక్కదానికి ఒక్కో శీల. ఎప్పుడో నా చేత్తో దించిన శీలలు. కింద ఉలి ఆనించి సుత్తితో తట్టాను. నన్ను గుర్తుపట్టినట్టు పైకి లేచాయి. తలుపు నాకంటే బరువు. దాన్ని నేను మొయ్యలేదు, గడ్డపార దూర్చి, తాళమున్న వైపే ఆసరాగా తిప్పుతూ, గోడవారగా నడిపించాను. తాళం గొళ్ళేనికి వేలాడుతూ, ఎవరూ ముట్టుకోకుండా, వేసింది వేసినట్టే ఉంది.

అక్క చెప్పిన మాట దాటలేదు. తాళం పగలగొట్టొద్దంది. పగలగొట్టలేదు.

పెట్టె గేటు దగ్గరకు వస్తుండగా మోకు పట్టుకున్నాను. మొదటి లాగుడుకు గంట కదల్లేదు. పెళ్ళిళ్ళకు కూడా సన్న తాడుతోనే గబగబా కానిచ్చేవాడు కాపలాదారు, అందుకని దూలం బిగుసుకుపోయింది. రెండోసారి బరువంతా వేసి వేలాడాను. నా వయసువాడు వేలాడవలసిన తీరు కాదది, మోకాళ్ళు కలుక్కుమన్నాయి. పైన నా ఇనుప పట్టీలు ఒకసారి మూలిగాయి. తరువాత గంట కదిలింది. నాలుక ఒక వైపు తగిలింది, మరో వైపు తగిలింది, ఇక ఎవరు ఆపగలరు. గోడల్లోంచి సున్నం రాలి నా నెత్తిన పడింది.

ఆగుడు గంట మోగించడానికి కాపలాదారు తాళంచెవి పట్టుకుని వచ్చాడు. తలుపు లేని గుమ్మాన్ని చూశాడు, గోడకానించిన తలుపునూ చూశాడు. పాపం అలవాటు కొద్దీ చెవి తాళంలో పెట్టి తిప్పాడు. తెరుచుకుంది. మళ్ళీ వేసేసి పక్కన నిలబడ్డాడు.

తరువాత పెద్ద వచ్చారు. గుమ్మంలో నిలబడి ఏదో అన్నారు. పెదవులు కదిలాయి, నాకు వినబడలేదు. గంట కింద నిలబడ్డవాడికి ఏ తీర్మానం వినబడుతుంది? చెయ్యి ఊపారు. నేను లాగుతూనే ఉన్నాను. ఉన్నట్టుండి ఆయన గుమ్మం మెట్టు మీద కూలబడి, రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నారు. భుజాలు ఎగసి పడుతున్నాయి. పరుగు గంట మోగుతుండగానే ఆయన ఏడ్చారు. ఇది ఆయన్ని చిన్నబుచ్చడానికి రాయడం లేదు. నేను గంట ఆపలేదు, ఆయన ఏడుపు ఆపుకోలేదు, రెండూ ఒక్కచోటే పట్టాయి. అక్క ఆ రోజు వెనక గదిలో చెప్పింది అదే.

ఊరు వచ్చింది. ఈసారి ఎవరూ పొరపాటు పడలేదు. గంటక్క పోయిందని అందరికీ తెలుసు. అయినా కర్మాగారం అమ్మాయిలు, ఇప్పుడు మనవరాళ్ళున్న అమ్మాయిలు, రంగు బట్టలు కట్టుకునే వచ్చారు. పూలకొట్టు కోడలు పెళ్ళి గుత్తులే కట్టి తెచ్చింది. ఫోటోగ్రాఫరు తల నెరిసింది. కెమెరా వెనక్కి దాచకుండా, పెట్టె ఎదురుగా నిలబడి దర్జాగా ఫోటో తీశాడు. పాదాలు తూర్పుకు పెట్టి దించాం. మట్టి పూడ్చాక పార నేను అడిగి తీసుకుని, వెనక్కి తిప్పి తట్టాను. బావ మాట అన్నాను. నా గొంతు బావ గొంతంత బాగుండదు.

ఇక కమిటీ వారు అడిగినదానికి జవాబు. గోపురం పాడుచేశానన్నారు. ఆ సాయంత్రమే తలుపు ఎక్కించాను, బందులు తుడిచాను, దూలానికి గ్రీజు పెట్టాను. ఇప్పుడు మోకు ఒక చేత్తో లాగితే గంట ఊగుతుంది. తాళం చెక్కుచెదరలేదు, వెళ్ళి చూసుకోండి. నియమం తప్పానన్నారు. పోయినవాళ్ళు ప్రభువు దగ్గర బతికే ఉన్నారని, ఒకనాడు లేస్తారని ఏ సంఘంలో నమ్ముతారో ఆ సంఘం నియమం ప్రకారమే మోగించాను. అది నమ్మని సంఘమేదైనా ఉంటే, వాళ్ళ గోపురం జోలికి నేను పోలేదు.

ఇవాళ మీరు మా బావ పేరు, మా మేనకోడలి పేరు, మా అక్క పేరు చదువుతారు. పెద్దగారి భార్య, కలప డిపో అమ్మగారి పేరు కూడా చదువుతారు. చదివేటప్పుడు గొంతు తగ్గించకండి.

పెద్దగారికి ఒక్క మాట. ఆరాధన కాగానే నేను వచ్చి మీ ముందు చెయ్యి చాపుతాను, అక్క చాపినట్టే. ఇస్తే సంతోషం. ఇవ్వకపోయినా కోపం లేదు, తాళంచెవి జాగ్రత్తగా పెట్టుకోండి. బందుల్లో శీలలు మాత్రం వదులుగానే దించాను, ఊడిరాకుండా తలలు సాగగొట్టలేదు. నా వంతు వచ్చిన రోజున తలుపు తియ్యవలసినవాడు నా అంత పనివాడు కాకపోవచ్చు.

విచారం లేదు. బందులకు నూనె పెట్టాను.